కాపలాదారుకు ఎన్ని తాళాలివ్వాలి?

నెక్స్ట్... నెక్స్ట్... ఐ యాగ్రీ... నెక్స్ట్...

ఏ సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేయాలన్నా మనకు అలవాటైన దారి ఇదే. ఒకదాని తర్వాత ఒకటి తెరలు వస్తుంటాయి, చదవకుండానే నొక్కుకుంటూ పోతాం. ఇంట్లో పాటలు వినే ప్లేయరో, ఫొటోలు సరిచేసే ప్రోగ్రామో అయితే పెద్దగా వచ్చే నష్టం లేదు. కానీ ఆఫీసు సర్వర్‌లో యాంటీవైరస్ మేనేజ్‌మెంట్ సర్వరో, ఫైర్‌వాలో, కంప్యూటర్లన్నిటి లాగ్‌లనూ ఒకచోటికి చేర్చే నిఘా సాఫ్ట్‌వేరో ఎక్కిస్తున్నప్పుడు, మధ్యలో ఒక తెర దగ్గర వేళ్లు ఆగుతాయి. 'ఈ సర్వీసు ఏ అకౌంటుతో నడవాలి? యూజర్ నేమ్, పాస్‌వర్డ్ ఇవ్వండి' అని అడుగుతుంది అది.

అప్పుడేం చేస్తాం? చాలామంది చేసేది ఒక్కటే. 'అడ్మినిస్ట్రేటర్' అని టైప్ చేసి, దాని పాస్‌వర్డ్ కొట్టి, మళ్లీ నెక్స్ట్! ఎర్ర గుర్తులేవీ రావు. పని అయిపోతుంది. సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు.

అయిపోయింది సరే, జరిగిందేమిటి? వైరస్‌ల నుంచి, దొంగల నుంచి కాపాడమని తెచ్చుకున్న సాఫ్ట్‌వేర్ చేతిలో ఆ ఒక్క నిమిషంలో సంస్థ తాళాలగుత్తి మొత్తం పెట్టేశాం. గేటు దగ్గర కూర్చోవాల్సిన వాచ్‌మన్‌కు బీరువా తాళాలు కూడా ఇచ్చినట్టు. వాచ్‌మన్ మంచివాడే కావచ్చు. కానీ రేపు ఎవరైనా అతని జేబు కొడితే? కంచే చేను మేసిందన్న సామెత పుట్టింది ఇలాంటి సందర్భానికే.

అందుకే ఈ వారం ఆ ఒక్క తెర గురించి మాట్లాడుకుందాం. ఇది కంప్యూటర్లు చూసుకునే ఉద్యోగుల గొడవ కదా అనుకోకండి. ఇరవై కంప్యూటర్లున్న నర్సింగ్‌హోమ్ డాక్టరుగారికీ, కాలేజీ కరస్పాండెంట్‌కీ, సొంత వివరాలు ఎన్నోచోట్ల ఇచ్చి వచ్చిన మనందరికీ సంబంధించిన సంగతే.

ఏమిటీ సర్వీస్ అకౌంట్?

వర్డ్, ఎక్సెల్ లాంటివి మనం తెరిస్తేనే తెరుచుకుంటాయి. మనం లాగిన్ అయిన పేరు మీదే పనిచేస్తాయి. మనకు చదివే హక్కులేని ఫైలును అవీ చదవలేవు. యాంటీవైరస్ అలా కాదు. మిషన్ ఆన్ అవగానే, ఎవరూ లాగిన్ కాకముందే అది మేలుకోవాలి. రాత్రి ఆఫీసుకు తాళం వేశాక కూడా పనిచేస్తూనే ఉండాలి. ఇలా తెరవెనుక నడిచే ప్రోగ్రామ్‌లనే విండోస్‌లో సర్వీసులంటారు.

మనిషి లేడు సరే, పని మాత్రం ఎవరో ఒకరి పేరు మీద జరగాలి కదా. ఏ ఫైలు తెరవాలన్నా, ఏ సెట్టింగ్ మార్చాలన్నా 'అడుగుతున్నది ఎవరు?' అనే చూస్తుంది విండోస్. ఆ ప్రశ్నకు జవాబే సర్వీస్ అకౌంట్. దానికి ఎంత హక్కుంటే ఆ సాఫ్ట్‌వేర్‌కు అంత హక్కు. ఆ సాఫ్ట్‌వేర్‌ను లొంగదీసుకున్నవాడికీ అంతే హక్కు. అసలు చిక్కు ఈ చివరి మాటలోనే ఉంది.

విండోస్‌లో ఇందుకోసం సిద్ధంగా ఉండే అకౌంట్లు మూడు. మొదటిది లోకల్ సిస్టమ్. పేరు చూసి చిన్నదనుకునేరు, ఆ మిషన్ వరకూ దీని బలం అడ్మినిస్ట్రేటర్ కంటే ఎక్కువే. రెండోది లోకల్ సర్వీస్, మూడోది నెట్‌వర్క్ సర్వీస్. ఈ రెండూ తక్కువ హక్కులున్నవి. మొదటిదానికి నెట్‌వర్క్‌లో గుర్తింపే ఉండదు, రెండోది ఆ కంప్యూటర్ పేరుతో పలకరిస్తుంది. ఎక్స్‌పీ, సర్వర్ 2003 కాలంలో మైక్రోసాఫ్ట్ వీటిని తెచ్చింది. ప్రతి చిన్న సర్వీసునూ లోకల్ సిస్టమ్‌తో నడిపితే ప్రమాదమని అప్పటికే అనుభవంలోకి వచ్చింది మరి.

ఇవి కాక, మనమే ప్రత్యేకంగా తయారుచేసి ఇచ్చే అకౌంటు నాలుగో రకం. పెద్ద ఆఫీసుల్లో అందరి యూజర్ నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు ఒకేచోట నిర్వహించే 'డొమైన్' ఉంటుంది. అందులో డొమైన్ అడ్మిన్ అంటే అన్ని కంప్యూటర్ల మీదా సర్వాధికారి. ఇన్‌స్టాలర్ తెరలో ఆ పేరు కొట్టామా... ఇక చెప్పేదేముంది!

కంచే దారి చూపిన వేళ

'ఇదంతా భయపెట్టడానికి చెప్పేదే' అనుకునేవారు అమెరికాలో క్యాపిటల్ వన్ బ్యాంకుకు 2019లో ఏం జరిగిందో వినాలి.

ఆ బ్యాంకు తన కంప్యూటర్ వ్యవస్థను అమెజాన్ క్లౌడ్‌లో పెట్టుకుంది. వెబ్‌సైట్ ముందు కాపలాగా ఒక ఫైర్‌వాల్ ఉంది. వచ్చే వినతుల్లో మంచివేవో చెడ్డవేవో చూసి, చెడ్డవాటిని ఆపడమే దాని పని. అమెజాన్ క్లౌడ్‌లో సర్వీస్ అకౌంట్ లాంటిదాన్ని 'రోల్' అంటారు. ఈ ఫైర్‌వాల్‌కూ ఒక రోల్ ఇచ్చారు. అంతవరకూ బాగానే ఉంది. అయితే బ్యాంకు సమాచారం దాచిన స్టోరేజీలో ఏమేం ఉన్నాయో జాబితా చూసే హక్కు, వాటిని చదివే హక్కు కూడా ఆ రోల్‌కు ఉన్నాయి. గేటు దగ్గర నిలబడేదానికి గోదాములోకి వెళ్లే పనేమిటి? ఆ ప్రశ్న ఎవరూ అడిగినట్టు లేదు.

అంతకు ముందు అమెజాన్‌లోనే పనిచేసి మానేసిన ఓ ఇంజినీర్ ఆ ఏడాది మార్చిలో ఫైర్‌వాల్ అమరికలోని లోపాన్ని పట్టుకుంది. బయటినుంచి పంపిన వినతితో ఆ సర్వర్‌ను మాయచేసి, దాని రోల్‌కు సంబంధించిన తాత్కాలిక తాళాలను దాని నుంచే రాబట్టింది. ఇక ఆ తాళాలతో ఏడొందలకు పైగా ఫోల్డర్ల జాబితా కనిపించింది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో సుమారు 60 లక్షల మంది వివరాలు బయటికి పోయాయి. క్రెడిట్ కార్డు కోసం దరఖాస్తు పెట్టుకున్నవాళ్ల పేర్లు, చిరునామాలు, ఆదాయాలు... దాదాపు 1.4 లక్షల మంది సోషల్ సెక్యూరిటీ నంబర్లు, 80 వేల బ్యాంకు ఖాతా నంబర్లు కూడా అందులో ఉన్నాయి.

బ్యాంకుకు ఈ సంగతి తన నిఘా ద్వారా తెలియలేదు. జులైలో బయటి వ్యక్తి ఒకరు 'మీ సమాచారం ఇంటర్నెట్‌లో కనిపిస్తోంది' అని ఈమెయిల్ పంపితే తెలిసింది. 2020 ఆగస్టులో అక్కడి బ్యాంకుల నియంత్రణ సంస్థ 8 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. ఖాతాదారులు వేసిన కేసు పరిష్కారానికి మరో 19 కోట్ల డాలర్లు ఒప్పుకోవాల్సి వచ్చింది.

ఫైర్‌వాల్‌లో లోపం ఉండటం ఒక తప్పు. అలాంటి లోపాలు ఏ సాఫ్ట్‌వేర్‌లోనైనా ఏదో ఒకరోజు బయటపడతాయి. దానికి గోదాము తాళాలు ఇవ్వడం రెండో తప్పు. మొదటిది పూర్తిగా మన చేతిలో లేదు. రెండోది పూర్తిగా మన చేతిలోనే ఉంది. ఆ రెండోది జరక్కుండా ఉంటే దొంగ చేతికి చిక్కేది ఉత్త గేటు మాత్రమే.

సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌లో కూడా లోపాలుంటాయా అనే అనుమానం రావచ్చు. 2004 మార్చిలో వచ్చిన 'విట్టీ' అనే వార్మ్ సంగతి చూడండి. అది పట్టుకున్నది మామూలు ప్రోగ్రామ్‌లను కాదు. బ్లాక్ ఐస్, రియల్ సెక్యూర్ అనే ఫైర్‌వాల్ సాఫ్ట్‌వేర్‌లనే! వాటిలోని లోపం బయటపడిన ఒకటి రెండు రోజుల్లోనే వచ్చి, దాదాపు 12 వేల కంప్యూటర్లలోకి దూరి, హార్డ్‌డిస్క్‌లలో ఎక్కడపడితే అక్కడ చెత్త రాసిపారేసింది. రక్షణ కోసం ఫైర్‌వాల్ కొనుక్కున్నవాళ్లే ఆ రోజు నష్టపోయారు. కొనుక్కోనివాళ్లకు ఏమీ కాలేదు.

దాడే జరగనక్కర్లేదు కూడా. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రయిక్ అనే భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ పంపిన ఒక్క అప్‌డేట్ తేడా చేసి, మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం దాదాపు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు నీలం తెర చూపించి పడుకున్నాయి. ఆరోజు హైదరాబాద్ విమానాశ్రయంలో చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ ఫొటో దేశమంతా తిరిగింది. అది సర్వీస్ అకౌంట్ వల్ల జరిగిన తప్పు కాదు. కానీ విండోస్ లోపలి పొరల్లో చోటు సంపాదించిన సాఫ్ట్‌వేర్ తడబడితే మొత్తం మిషనే కూలుతుందని అందరికీ చూపించింది. ఎంత లోతుకు రానిస్తామో అంత మూల్యం అన్నమాట.

ఒక్క మిషన్‌తో ఆగదు

డొమైన్ అడ్మిన్ పేరుతో సర్వీసు నడిపితే ఇంకో చిక్కుంది. మిషన్ రీస్టార్ట్ అయినప్పుడు సర్వీసు తనంతట తాను లేవాలి కదా. అందుకని ఆ అకౌంటు పాస్‌వర్డ్‌ను విండోస్ అదే మిషన్‌లో దాచుకుంటుంది. గుప్తంగానే దాచుకుంటుంది, కాదనడం లేదు. కానీ ఆ మిషన్ మీద అడ్మినిస్ట్రేటర్ హక్కు సంపాదించినవాడు దాన్ని బయటికి తీయగలడు. అందుకు పనికొచ్చే పనిముట్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతున్నాయి. అంటే రిసెప్షన్‌లోని పాత కంప్యూటర్‌లో ఆ సర్వీసు నడుస్తుంటే, ఆ ఒక్క కంప్యూటర్‌ను పట్టినవాడు మొత్తం సంస్థను పట్టినట్టే.

పాస్‌వర్డ్ ఊహించడానికి మరో దారి కూడా ఉంది. డొమైన్‌లో మామూలు గుమస్తా అకౌంటుతో కూడా కొన్ని సర్వీసుల కోసం ఒక 'టికెట్' అడగొచ్చు. అది న్యాయమైన హక్కే. ఆ టికెట్ సర్వీస్ అకౌంట్ పాస్‌వర్డ్ నుంచి తయారైన తాళంతో బిగించి ఉంటుంది. దాన్ని ఇంటికి తీసుకెళ్లి, తీరిగ్గా కోట్లాది పాస్‌వర్డ్‌లు ప్రయత్నించి చూడొచ్చు. సర్వర్‌కు ఏ అనుమానమూ రాదు. 2014లో టిమ్ మెడిన్ అనే నిపుణుడు దీన్ని చేసి చూపించి 'కెర్బరోస్టింగ్' అని పేరు పెట్టాడు. కంపెనీ పేరు పక్కన 123 చేర్చి పెట్టుకున్న పాస్‌వర్డ్‌లు దీని ముందు నిలవవు.

మరైతే ఎలా పెట్టాలి?

మన ఉదాహరణకు జిల్లా కేంద్రంలో ఓ కాలేజీ అనుకోండి. యాభై కంప్యూటర్లు, ఒక సర్వర్, డొమైన్ ఉంది. యాంటీవైరస్ మేనేజ్‌మెంట్ సర్వర్ కొత్తగా ఎక్కించాలి. సీడీ పెట్టకముందే, కాదు కాదు, ఇప్పుడైతే డౌన్‌లోడ్ మొదలుపెట్టకముందే, ఒక కాగితం తీసుకుని నాలుగు పనులు విడివిడిగా రాసుకోండి. తికమకంతా ఈ నాలుగింటినీ ఒకటే అనుకోవడం వల్లే వస్తుంది.

ఒకటి, ఇన్‌స్టాల్ చేయడం. దీనికి సర్వర్ మీద అడ్మినిస్ట్రేటర్ హక్కు కావాలి. కావాల్సిందే. కానీ అది ఇన్‌స్టాల్ చేసే మనిషికి, ఆ గంటసేపటికే. మేస్త్రీ ఇల్లు కట్టేటప్పుడు అన్ని గదుల్లో తిరుగుతాడు. గృహప్రవేశం అయ్యాక తాళాలు ఆయన దగ్గరే ఉంచం కదా.

రెండు, రోజూ నడవడం. దీనికే సర్వీస్ అకౌంట్. సాఫ్ట్‌వేర్ కంపెనీ మాన్యువల్‌లో దీనికి ఏమేం హక్కులు కావాలో ఉంటుంది. 'లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్' అనే హక్కు, తన ఫోల్డర్లలో రాసుకునే హక్కు, డేటాబేస్‌లోకి వెళ్లే హక్కు... చాలావాటికి ఇంతే సరిపోతుంది. కొత్త సాఫ్ట్‌వేర్‌లు కొన్ని తమకోసం తామే 'ఎన్‌టీ సర్వీస్' అన్న ముందుపేరుతో ఒక అకౌంటు వాడుకుంటాయి. విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 నుంచి వచ్చిన సౌకర్యమిది. దానికి పాస్‌వర్డ్ గొడవే లేదు. ఆ అవకాశం కనిపిస్తే వదలకండి.

మూడు, మిగతా కంప్యూటర్లకు ఏజెంట్ పంపడం. అన్నిటికంటే ఎక్కువ పొరపాట్లు జరిగేది ఇక్కడే. సర్వర్ నుంచి యాభై కంప్యూటర్లకూ సాఫ్ట్‌వేర్ తోయాలంటే ఆ యాభైటి మీదా అడ్మిన్ హక్కు కావాలి. అందుకని డొమైన్ అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కడ ఇచ్చేసి, 'రిమెంబర్' అన్న చోట టిక్ పెట్టేస్తారు. అక్కర్లేదు. ఏజెంట్ ప్యాకేజీని గ్రూప్ పాలసీ ద్వారా పంపితే ఏ పాస్‌వర్డూ ఎక్కడా దాచనక్కర్లేదు. లేదంటే ఆ కంప్యూటర్ల మీద మాత్రమే హక్కున్న ప్రత్యేక అకౌంటు పెట్టి, పని కాగానే దాన్ని డిజేబుల్ చేయండి. ఇక కంప్యూటర్లలో కూర్చునే ఏజెంట్ లోకల్ సిస్టమ్‌గానే నడుస్తుంది. ప్రతి ఫైలూ సోదా చేయాలి కాబట్టి దానికి ఆ హక్కు న్యాయమే. ఆ హక్కు ఆ మిషన్ గడప దాటకుండా చూడటమే మన పని.

నాలుగు, సమాచారం చదవడం. యూజర్ల జాబితా కావాలి, లాగ్‌లు కావాలి అంటుంది సాఫ్ట్‌వేర్. డొమైన్‌లో యూజర్ల జాబితా చదవడానికి మామూలు డొమైన్ యూజర్ చాలు. లాగ్‌లు చదవడానికి విండోస్‌లోనే 'ఈవెంట్ లాగ్ రీడర్స్' అనే గ్రూపు తయారుగా ఉంది. అందులో చేరిస్తే సరి. చదవడానికి అడ్మిన్ ఎందుకు?

ఇక డేటాబేస్. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లు చాలావరకు తమ సమాచారాన్ని ఎస్‌క్యూఎల్ సర్వర్ లాంటి డేటాబేస్‌లో పెట్టుకుంటాయి. మొదట దాన్ని తయారుచేయడానికి హక్కు ఎక్కువ కావాలి. తయారయ్యాక ఆ ఒక్క డేటాబేస్ మీద హక్కుంటే చాలు. ఫీజుల డేటాబేస్‌తో, మార్కుల డేటాబేస్‌తో యాంటీవైరస్‌కు పనేముంది? 'సిస్ అడ్మిన్' అన్న టిక్ తీసేయండి. 'ఎస్ఏ' అనే అకౌంటుకు పాస్‌వర్డ్ పెట్టకుండా వదిలేసిన సర్వర్లను వెతికి పట్టుకునే 'స్పైడా' వార్మ్ 2002 మేలోనే వచ్చింది. ఇరవై ఏళ్లు దాటినా ఆ పాఠం పాతబడలేదు.

అకౌంటు చేసేటప్పుడు

పేరు చూడగానే పని తెలిసేలా పెట్టండి. మనుషుల పేర్లు వద్దు. కంప్యూటర్ల ఇన్‌ఛార్జి సొంత అకౌంటుతో సర్వీసు నడిపితే, ఆయన ఉద్యోగం మానేసిన రోజున అకౌంటు ఆపేస్తారు, ఆయనతోపాటు యాంటీవైరసూ ఆగిపోతుంది. ఒక సాఫ్ట్‌వేర్‌కు ఒక అకౌంటు. బ్యాకప్‌కూ, యాంటీవైరస్‌కూ, ప్రింటర్‌కూ ఒకటే అకౌంటు వాడితే ఒకదాని పాస్‌వర్డ్ పోతే మూడూ పోతాయి.

పాస్‌వర్డ్ ఇరవై అయిదు అక్షరాలకు తగ్గకుండా, అర్థంపర్థం లేకుండా ఉండాలి. మనిషి రోజూ టైప్ చేసేది కాదు కదా, పొడుగైతే నష్టమేముంది? అంతకంటే మంచిది, సర్వర్ 2012 నుంచి ఉన్న 'గ్రూప్ మేనేజ్డ్ సర్వీస్ అకౌంట్'. దాని పాస్‌వర్డ్‌ను విండోసే పెట్టుకుంటుంది, మామూలుగా 30 రోజులకోసారి విండోసే మారుస్తుంది. మనుషులెవరికీ అది తెలియనే తెలియదు. మీరు కొన్న సాఫ్ట్‌వేర్ దీన్ని ఒప్పుకుంటుందో లేదో మాన్యువల్‌లో చూసుకోండి.

ఆ అకౌంటుతో ఎవరూ కంప్యూటర్ ముందు కూర్చుని లాగిన్ కాకుండా, రిమోట్ డెస్క్‌టాప్‌తోనూ రాకుండా ఆంక్ష పెట్టండి. 'డినై లాగ్ ఆన్ లోకల్లీ', 'డినై లాగ్ ఆన్ త్రూ రిమోట్ డెస్క్‌టాప్ సర్వీసెస్' అనేవి అందుకే ఉన్నాయి.

ఫోల్డర్ల సంగతీ మరవొద్దు. సి డ్రైవ్‌లోని ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మామూలు యూజర్లు ఫైళ్లు మార్చలేరు. చోటు చాలడం లేదని డి డ్రైవ్‌లో కొత్త ఫోల్డర్ పెట్టి ఇన్‌స్టాల్ చేస్తే అంత కట్టుదిట్టం ఉండదు. సర్వీసు ప్రోగ్రామ్ ఫైలును తీసేసి అదే పేరుతో ఇంకో ఫైలు పెట్టే హక్కు మామూలు యూజర్‌కు దొరికిందంటే, మిషన్ రీస్టార్ట్ కాగానే అతని ప్రోగ్రామ్ సర్వీసు హక్కులతో నడుస్తుంది. ఆ ఫోల్డర్ పర్మిషన్లు ఒకసారి తెరిచి చూడండి.

డొమైన్ లేని చిన్న ఆఫీసుల మాటేమిటి? అక్కడ సాధారణంగా కనిపించేది, అన్ని కంప్యూటర్లకూ ఒకటే అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డ్. దాని ఫలితం డొమైన్ అడ్మిన్‌ను పంచిపెట్టినంత పనే. కనీసం సర్వర్ పాస్‌వర్డునైనా వేరుగా పెట్టండి.

'యాక్సెస్ డినైడ్' అంటే?

హక్కులు తగ్గించి పెట్టగానే ఏదో ఒకటి పనిచేయదు. 'యాక్సెస్ డినైడ్' అంటుంది. కంపెనీ సపోర్టుకు ఫోన్ చేస్తే 'సార్, ఒకసారి అడ్మిన్ గ్రూపులో పెట్టి చూడండి' అంటారు. పెడతాం. పనిచేస్తుంది. 'తర్వాత తీసేద్దాం' అనుకుంటాం. ఆ తర్వాత అనేది రాదు. ఎక్కువచోట్ల తాళాలగుత్తి వాచ్‌మన్ చేతికి వెళ్లేది ఇలాగే.

పరీక్ష కోసం పెట్టడం తప్పు కాదు, తీసేయకపోవడం తప్పు. ఏ ఫైలు దగ్గర ఆగిందో తెలుసుకోవడానికి మైక్రోసాఫ్ట్ వాళ్ల 'ప్రాసెస్ మానిటర్' అనే ఉచిత ప్రోగ్రామ్ ఉంది. దాన్ని నడిపి, ఫలితాల్లో 'యాక్సెస్ డినైడ్' అన్న వరుసలు మాత్రం ఏరితే ఏ ఫోల్డర్, ఏ రిజిస్ట్రీ కీ అన్నది కనిపిస్తుంది. ఆ ఒక్కదానికి హక్కు ఇవ్వండి. అరగంట పని.

ఇంకో తమాషా ఉంది. ఇన్‌స్టాల్ చేసినరోజు సర్వీసు హాయిగా నడుస్తుంది. వారం తర్వాత సర్వర్ రీస్టార్ట్ చేస్తే '1069, లాగాన్ ఫెయిల్యూర్' అని మొరాయిస్తుంది. పాస్‌వర్డ్ సరైనదే అయితే కారణం చాలాసార్లు ఇది. 'లాగ్ ఆన్ యాజ్ ఎ సర్వీస్' హక్కును మీరు ఆ సర్వర్‌లో ఇచ్చారు. కానీ డొమైన్ గ్రూప్ పాలసీలో అదే హక్కుకు వేరే జాబితా ఉంది. పాలసీ మళ్లీ అమలైనప్పుడు మీ పేరు చెరిగిపోతుంది. నడుస్తున్న సర్వీసు ఆగదు కాబట్టి వెంటనే తెలియదు. దీనికి మందు అడ్మిన్ హక్కులు ఇవ్వడం కాదు, ఆ గ్రూప్ పాలసీ జాబితాలో సర్వీస్ అకౌంట్‌ను చేర్చడం.

లైనక్స్‌లోనూ సూత్రం ఇదే. రూట్‌గా మొదలై, అవసరమైన పని చూసుకుని, వెంటనే చిన్న యూజర్‌గా మారిపోయే పద్ధతి అక్కడ ఎప్పట్నుంచో ఉంది. చొరబాట్లను కనిపెట్టే 'స్నార్ట్'ను రూట్‌గా కాక వేరే యూజర్ పేరుతో నడపొచ్చు. 'క్లామ్ ఏవీ' యాంటీవైరస్‌కు తనకంటూ ఒక యూజర్ ఉంటుంది. చేతికందిన ఈ సౌకర్యాన్ని పక్కనబెట్టి అన్నీ రూట్‌తో నడిపితే సర్వీస్ అకౌంట్ ఉన్నా లేనట్టే.

అసలు ఈ సూత్రం కొత్తదేమీ కాదు. ప్రతి ప్రోగ్రామూ, ప్రతి యూజరూ తన పనికి అవసరమైన అతి తక్కువ హక్కులతోనే నడవాలని జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే శాస్త్రవేత్తలు 1975లోనే రాశారు. అప్పటికి ఇంట్లో కంప్యూటర్ అన్నమాటే ఎవరూ పెద్దగా వినలేదు.

యజమానులు అడగాల్సినవి

కంప్యూటర్ పరిభాష తెలియకపోయినా ఫర్వాలేదు. మీ దగ్గర సర్వర్ చూసుకునే అబ్బాయినో, కాంట్రాక్టు తీసుకున్న కంపెనీనో ఈ అయిదు ప్రశ్నలు అడగండి.

* మన సర్వర్‌లో యాంటీవైరస్, బ్యాకప్, ఫైర్‌వాల్ ఏయే అకౌంట్లతో నడుస్తున్నాయి? జాబితా రాసివ్వగలరా?

* వాటిలో అడ్మినిస్ట్రేటర్ హక్కులున్నవి ఎన్ని? ఒక్కోదానికీ ఎందుకివ్వాల్సి వచ్చింది?

* ఆ పాస్‌వర్డ్‌లు చివరిసారి ఎప్పుడు మార్చారు? మానేసి వెళ్లిపోయినవాళ్లకు ఎన్ని తెలుసు?

* ఇన్‌స్టాల్ చేయడానికి వచ్చిన బయటి మనిషికి ఇచ్చిన అకౌంటు ఇంకా ఉందా?

* ఆ అకౌంట్లతో ఎవరు ఎప్పుడు లాగిన్ అయ్యారో లాగ్‌లు ఉన్నాయా? ఎన్నాళ్లవి ఉన్నాయి?

చివరి ప్రశ్న ఊరికే కాదు. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం లాగ్‌లు 180 రోజులు దాచాలి, దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లోపు తమకు చెప్పాలి. ప్రజల వ్యక్తిగత సమాచారాన్ని సరిగా కాపాడని సంస్థలకు 250 కోట్ల రూపాయల దాకా జరిమానా వేసేందుకు 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం వీలు కల్పించింది. రోగుల రిపోర్టులు, పిల్లల ఆధార్ నకళ్లు, జీతాల లెక్కలు... ఇవన్నీ మన సర్వర్లలోనే ఉన్నాయి. వాటి సొంతదారులు మనల్ని నమ్మి ఇచ్చారు.

ఈ జాబితా మొదలుపెట్టడం కష్టమేమీ కాదు. రేపు ఆఫీసుకు వెళ్లగానే సర్వర్‌లో స్టార్ట్, రన్‌కు వెళ్లి 'సర్వీసెస్ చుక్క ఎంఎస్‌సీ' అని ఇంగ్లిషులో టైప్ చేయండి. వచ్చిన పట్టికలో చివరన 'లాగ్ ఆన్ యాజ్' అనే వరుస ఉంటుంది. దాని మీద ఒకసారి క్లిక్ చేస్తే పేర్లన్నీ వరుసగా సర్దుకుంటాయి. లోకల్ సిస్టమ్, లోకల్ సర్వీస్, నెట్‌వర్క్ సర్వీస్ అన్నవి పక్కనబెట్టి మిగతా పేర్లు చదవండి. అందులో 'అడ్మినిస్ట్రేటర్' అని ఎక్కడైనా కనిపిస్తే, దాన్ని మార్చే పనిని ఈ వారంలోనే పెట్టుకోండి. మార్చేముందు బ్యాకప్ తీసుకోండి, ఆఫీసు పనివేళలు అయ్యాకే చేయండి, ఆఖర్న సర్వర్‌ను ఒకసారి రీస్టార్ట్ చేసి అన్నీ లేస్తున్నాయో లేదో చూసుకున్నాకే ఇంటికి వెళ్లండి.